అభిమాని పక్షాన ఒక టికెట్ కంపెనీ

2024 సెప్టెంబర్ 22న కోల్డ్‌ప్లే బ్యాండ్ కచేరీ టికెట్ల కోసం కోటీ ముప్పై లక్షల మంది తన దగ్గరికి వచ్చారని బుక్‌మైషో ప్రకటించింది. నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో మూడు రాత్రుల కచేరీ అది. టికెట్ ధర రూ.2,500 నుంచి రూ.35,000 దాకా. తమ ముందు లక్షల మంది ఉన్నారని ఫోను తెరమీద చూసుకుంటూ కూర్చున్నవాళ్లకు, కాసేపటికే అవే టికెట్లు పునర్విక్రయ సైట్లలో లక్షల రూపాయల ధరతో కనిపించాయి. ముంబై పోలీసులు బుక్‌మైషో అధిపతికి సమన్లు పంపారు. ఆ టికెట్ల అక్రమ అమ్మకాలపై ఈడీ సోదాలు జరిపింది. ఆ సైట్లతో తనకు ఏ సంబంధమూ లేదని బుక్‌మైషో చెప్పుకుంది. ఇలాంటి ప్రతి గొడవ తర్వాతా ఎక్కడో ఒక చోట నలుగురు కుర్రాళ్లు కూర్చుని అనుకునే మాట ఒకటుంది: మనమే ఒక టికెట్ సైటు పెడితే? పాట వినేవాడి పక్షాన ఉంటూ, ఫీజు దాచకుండా, బ్లాకుకు చోటివ్వకుండా నడిపితే?

అలా అనుకుని నిజంగానే కంపెనీ పెట్టినవాళ్లు అమెరికాలో, బ్రిటన్‌లో, మన దేశంలో చాలామందే ఉన్నారు. ఆ కంపెనీల్లో కొన్ని మూతపడ్డాయి. చాలావరకు పెద్ద సంస్థల్లో కలిసిపోయాయి. కొన్ని మాత్రం చిన్నగానే ఉండి నిలబడ్డాయి. వాటి కథలన్నీ వరసపెట్టి చూస్తే, సాఫ్ట్‌వేర్ బాగాలేక దెబ్బతిన్న కంపెనీ అరుదు. అమ్మడానికి సీట్లు దొరక్క కొన్ని ఆగిపోయాయి. ఇతరుల డబ్బు తమ ఖాతాలో ఉంచుకుని కొన్ని చెడిపోయాయి. సొంతంగా ఈ వ్యాపారం పెట్టాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసినవి ఈ రెండు సంగతులే. ఆప్ ఎలా ఉండాలన్నది ఆ తర్వాతి మాట.

సీటు ఎవరిది?

టికెట్‌మాస్టర్ 1976లో అమెరికాలోని ఫీనిక్స్‌లో పుట్టింది. మొదట్లో హాళ్లకు టికెట్ యంత్రాలు, ప్రోగ్రాములు సరఫరా చేసే చిన్న కంపెనీ. అప్పట్లో బజారంతా టికెట్రాన్ అనే సంస్థది. 1982లో ఫ్రెడ్ రోసెన్ అనే న్యాయవాది టికెట్‌మాస్టర్ పగ్గాలు పట్టుకున్నాక లెక్క మారింది. టికెట్ కంపెనీకి అసలైన ఖాతాదారు హాలు యజమాని అన్నది ఆయన లెక్క. అప్పటిదాకా టికెట్లు అమ్మిపెట్టినందుకు హాలువాళ్లే కంపెనీకి ఎంతో కొంత చెల్లించేవారు. రోసెన్ దాన్ని తిరగేశాడు. కొనేవాడి దగ్గర సర్వీసు చార్జీ వసూలు చేసి, అందులో వాటా హాలుకు ఇవ్వడం మొదలుపెట్టాడు. పెద్ద హాళ్లకైతే ముందుగానే అడ్వాన్సు. దానికి బదులుగా, కొన్నేళ్లపాటు ఆ హాల్లో జరిగే ప్రతి కార్యక్రమానికీ టికెట్లు అమ్మే హక్కు తనకే రాయించుకున్నాడు. 1991 నాటికి టికెట్రాన్ ఆస్తుల్ని కూడా టికెట్‌మాస్టరే కొనేసింది.

అభిమాని కట్టే ఫీజు ఎందుకు తగ్గదో ఇక్కడే తెలుస్తుంది. ఫీజు పెరిగితే హాలు వాటా పెరుగుతుంది. జనం కోపం మాత్రం టికెట్ కంపెనీ మీదికి పోతుంది. కొత్తగా ఒకరు వచ్చి “మేం సగం ఫీజుకే అమ్ముతాం” అని హాలు తలుపు తడితే, ఆ మాట యజమాని చెవికి “మీ వాటా సగం తగ్గుతుంది” అనే వినపడుతుంది. పైగా అడ్వాన్సు తీసుకున్నవాడు ఒప్పందం గడువు తీరేదాకా కదలలేడు. మామూలు వ్యాపారంలో ధర తగ్గించినవాడి దగ్గరికి గిరాకీ వస్తుంది. ఇక్కడ ధర తగ్గించినవాడికి సరుకే రాదు.

ఇది తెలుసుకోవడానికి అమెరికాలోని ఒక పెద్ద బ్యాండ్ గట్టి మూల్యమే చెల్లించింది. 1994లో పర్ల్ జామ్ తమ టికెట్ 18 డాలర్లు, దానిమీద ఫీజు 1.80 డాలర్లు దాటకూడదని పట్టుబట్టింది. టికెట్‌మాస్టర్ ఒప్పుకోలేదు. బ్యాండ్ అమెరికా న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. జూన్ 30న బ్యాండ్ సభ్యులు స్టోన్ గోసార్డ్, జెఫ్ ఆమెంట్ కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. 1995లో న్యాయశాఖ కేసు వదిలేసింది. ఆ ఏడాది పర్ల్ జామ్ ఈటీఎం అనే కొత్త టికెట్ కంపెనీతో యాత్రకు బయలుదేరింది. టికెట్లు అమ్మడంలో పెద్ద చిక్కేమీ రాలేదు. చిక్కంతా పాడే చోటు దొరకడంలో వచ్చింది. మంచి హాళ్లన్నీ టికెట్‌మాస్టర్ ఒప్పందాల్లో ఉన్నాయి. దాంతో ఊరి చివరి సంత మైదానాలు, కచేరీలకు అలవాటు లేని స్థలాలు వెతుక్కోవలసి వచ్చింది. అలాంటి చోట కంచె కట్టడం దగ్గర్నుంచి పోలీసు బందోబస్తు దాకా అన్నీ కొత్తగా ఏర్పాటు చేసుకోవాలి. 1998 నాటికి ఆ బ్యాండ్ మళ్లీ టికెట్‌మాస్టర్ హాళ్లలోనే పాడింది. అప్పటికి దేశంలో అంత పేరున్న బ్యాండ్‌లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

అదే దేశంలో పెద్ద పోరాటం పెట్టుకోకుండా పని జరిపించుకున్నవాళ్లూ ఉన్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ 1983 నుంచి తన టికెట్లలో పెద్ద భాగం తానే పోస్టు ద్వారా అమ్మింది. అభిమానులు మనీయార్డరు జతచేసి, కవరు మీద రంగురంగుల బొమ్మలు వేసి పంపేవారు. హాళ్లతో ముందే మాట్లాడుకుని కొన్ని సీట్లు తన చేతిలో ఉంచుకోవడం వల్లే అది కుదిరింది. ఆ దారినే నడిచిన స్ట్రింగ్ చీజ్ ఇన్సిడెంట్ అనే బ్యాండ్ సొంత టికెట్ సంస్థ పెట్టుకుంది. తమకిచ్చే సీట్లకు కోత పెడుతున్నారంటూ 2003లో టికెట్‌మాస్టర్ మీద దావా వేసి, మరుసటి ఏడాది రాజీ చేసుకుంది. 2012లో అదే బ్యాండ్ లాస్ ఏంజెలిస్‌లోని గ్రీక్ థియేటర్ కౌంటర్‌కు అభిమానుల చేత నగదు పట్టించి పంపింది. వాళ్లు దాదాపు 400 టికెట్లు ఫీజు లేకుండా కొనుక్కొచ్చారు. బ్యాండ్ వాటిని అసలు ధరకే తన సైట్లో అమ్మింది. అమ్మినవి 400 సీట్లే అయినా, కళాకారుడి చేతిలో కొన్ని సీట్లుంటే ఏం చేయవచ్చో అది చూపించింది.

ఈ విషయంలో అందరూ చదవవలసిన కథ సాంగ్‌కిక్‌ది. 2007లో లండన్‌లో మొదలైన ఈ కంపెనీ ముందు కచేరీల సమాచారం ఇచ్చే సైటుగా పేరు తెచ్చుకుంది. 2015లో క్రౌడ్‌సర్జ్ అనే టికెట్ కంపెనీతో కలిసింది. హాలు ఒప్పందాల జోలికి పోకుండా, కళాకారుడికి తన అభిమాన సంఘం కోసం దక్కే కొద్దిపాటి సీట్లనే అది నమ్ముకుంది. ఆ సీట్లను కళాకారుడి సైటులోనే అమ్మేది. కొనేవాళ్ల వివరాలు పరిశీలించి, బ్లాకు వ్యాపారుల్ని ముందే ఏరేసేది. గాయని అడెల్ 2016 యాత్రలో ఈ పద్ధతి బాగా పనిచేసింది. ఫీజు తక్కువ, మోసం తక్కువ, కళాకారిణికి నేరుగా తన శ్రోతల పరిచయం. వ్యాపార ఆలోచనగా ఇంతకన్నా తెలివైనది ఈ రంగంలో నాకు కనిపించదు.

అయినా నిలబడలేదు. ఆ కొద్దిపాటి సీట్లు కూడా తనకు అందకుండా హాళ్ల మీద, కళాకారుల మీద ఒత్తిడి తెస్తున్నారంటూ 2015 డిసెంబర్‌లో సాంగ్‌కిక్ కోర్టుకెక్కింది. కేసు నడుస్తుండగానే, 2017లో సమాచార విభాగాన్ని వార్నర్ మ్యూజిక్‌కు అమ్మి టికెట్ల వ్యాపారం మూసేసింది. 2018 జనవరిలో టికెట్‌మాస్టర్ 11 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఆ కేసులోనే ఇంకో సంగతి కూడా బయటపడింది. క్రౌడ్‌సర్జ్ మాజీ ఉద్యోగి ఒకరు టికెట్‌మాస్టర్ వైపు చేరాక, పాత సంస్థ పాస్‌వర్డులతో దాని కంప్యూటర్లలోకి వెళ్లి వ్యాపార వివరాలు చూసినట్టు తేలింది. 2020 డిసెంబర్‌లో టికెట్‌మాస్టర్ ఆ నేరానికి కోటి డాలర్ల జరిమానా కట్టింది. న్యాయం జరిగిందనే చెప్పాలి. కానీ అప్పటికి ఆ టికెట్ కంపెనీ లేదు. చిన్న కంపెనీకి కోర్టు గెలుపు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. చేతిలో రెండేళ్ల ఖర్చుకు డబ్బు లేనివాడు న్యాయపోరాటాన్ని వ్యాపార ప్రణాళికలో రాసుకోకూడదు.

2010లో టికెట్‌మాస్టర్, కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్ కలిసిపోయాక కచేరీ పెట్టేవాడు, హాలు నడిపేవాడు, టికెట్ అమ్మేవాడు ఒకే గూటికి చేరారు. 2022 నవంబర్‌లో టేలర్ స్విఫ్ట్ టికెట్ల రోజున ఆ వ్యవస్థ కుప్పకూలింది. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు కలిసి ఈ గుత్తాధిపత్యం మీద దావా వేశాయి. పెద్ద కచేరీ హాళ్ల టికెట్లలో కనీసం 80 శాతం ఆ సంస్థ చేతిలో ఉన్నాయన్నది ప్రభుత్వ వాదన. ముప్పై ఏళ్ల కిందట పర్ల్ జామ్ చెప్పినదానికీ దీనికీ సారంలో తేడా లేదు.

డబ్బు ఎవరిది?

రెండో ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. కచేరీ మూడు నెలల తర్వాత ఉందనుకుందాం. టికెట్లు ఈ రోజే అమ్ముడవుతాయి. ఆ మూడు నెలలూ డబ్బు ఎవరి ఖాతాలో ఉంటుంది? చాలాచోట్ల టికెట్ కంపెనీ ఖాతాలోనే. చూడటానికి అది కంపెనీ సొమ్ములాగే కనిపిస్తుంది. జీతాలకు, ప్రకటనలకు దాంట్లోంచి తీస్తే అడిగేవారుండరు. కొత్త కచేరీల డబ్బు వస్తూ ఉన్నంతకాలం పాత నిర్వాహకులకు చెల్లింపులు జరిగిపోతూనే ఉంటాయి.

సియాటిల్‌లోని బ్రౌన్ పేపర్ టికెట్స్ న్యాయమైన టికెట్ కంపెనీగా పేరు తెచ్చుకుంది. 2000 నుంచి చిన్న నాటకశాలలకు, జానపద సంగీత సభలకు, ఊరి ఉత్సవాలకు తక్కువ ఫీజుతో టికెట్లు అమ్మిపెట్టింది. 2020లో కరోనాతో కార్యక్రమాలన్నీ ఆగిపోయాయి. కొత్త డబ్బు రావడం ఆగింది, రీఫండ్లు మొదలయ్యాయి. నిర్వాహకులకు ఇవ్వాల్సిన సొమ్ము కంపెనీ దగ్గర లేదని అప్పుడు బయటపడింది. వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశారు. 2021లో దాదాపు 90 లక్షల డాలర్లు తిరిగి చెల్లించేలా ఒప్పందం కుదిరింది. నష్టపోయిన వాళ్లలో చాలామంది చిన్న నిర్వాహకులు. ఏ చిన్నవాళ్ల కోసమైతే ఆ కంపెనీ పుట్టిందో వాళ్లనే ముంచింది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే కథ ఇదే.

మన దేశంలో ఈ విషయంలో రిజర్వ్ బ్యాంకు నియమాలు కొంత కాపలా కాస్తున్నాయి. 2020 మార్చిలో మొదలైన పేమెంట్ అగ్రిగేటర్ నియమాల ప్రకారం, ఇతరుల తరఫున డబ్బు వసూలు చేసే సంస్థ దాన్ని బ్యాంకులోని ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. లైసెన్సు కావాలంటే మొదట రూ.15 కోట్లు, తర్వాత రూ.25 కోట్ల నికర విలువ చూపాలి. చిన్న కంపెనీకి అది అందని మాట. అందుకే చెల్లింపులు జరిపిపెట్టే, లైసెన్సున్న పేమెంట్ గేట్‌వేతో ఒప్పందం చేసుకోవడం మేలు. టికెట్ ధర నేరుగా నిర్వాహకుడి ఖాతాకు, ఫీజు మాత్రం తమ ఖాతాకు చేరేలా చెల్లింపును అక్కడికక్కడే విడగొట్టే సదుపాయం గేట్‌వేల దగ్గర ఉంది. కచేరీ రద్దయితే నిర్వాహకుడు డబ్బు తిరిగివ్వడేమోనన్న భయం ఉంటే, కచేరీ ముగిసేదాకా ఆ సొమ్మును గేట్‌వే దగ్గరే ఆపించవచ్చు. ఏ పద్ధతి ఎంచుకున్నా టికెట్ ధర కంపెనీ కరెంటు ఖాతాలోకి ఒక్క రాత్రికి కూడా రాకూడదు. ఇది కొంచెం కఠినంగా వినిపించవచ్చు. బ్రౌన్ పేపర్ టికెట్స్ ఖాతాదారులను అడిగితే కఠినమని అనరు.

డబ్బులాగే శ్రోతల పేర్లు, ఫోన్ నెంబర్లు కూడా తమవి కావని గుర్తుండాలి. అమెరికాలో చిన్న హాళ్ల కోసం 2008లో మొదలైన టికెట్‌ఫ్లైని ఆన్‌లైన్ సంగీత సంస్థ పాండోరా కొన్నది, ఆ తర్వాత టికెట్ సంస్థ ఈవెంట్‌బ్రైట్ 20 కోట్ల డాలర్లకు కొన్నది. 2018లో దాని మీద హ్యాకింగ్ జరిగి రెండున్నర కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటపడ్డాయి. ఆ కంపెనీ వ్యవస్థ మీదే నడుస్తున్న హాళ్ల సైట్లు కూడా రోజుల తరబడి ఆగిపోయాయి. ఆ రోజుల్లో తలుపు దగ్గర ఎవరిని లోపలికి పంపాలో తెలియని స్థితి వచ్చింది హాళ్లవాళ్లకు.

మన దగ్గర పరిస్థితి

బుక్‌మైషో నడిపే బిగ్‌ట్రీ సంస్థ 1999లో ముంబైలో మొదలైంది. అప్పటికి కార్డుతో ఆన్‌లైన్‌లో కొనే అలవాటు దాదాపు లేదు. డాట్‌కామ్ పతనంలో అది మూతపడే దాకా వెళ్లింది. సినిమా హాళ్లకు టికెట్ సాఫ్ట్‌వేర్ అమ్ముకుంటూ బతికి, 2007లో బుక్‌మైషో పేరుతో మళ్లీ జనంలోకి వచ్చింది. ఆ మధ్యకాలంలో హాళ్లలో పాతుకున్న సాఫ్ట్‌వేరే తర్వాత దాని బలమైంది. మిగతావాళ్ల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 2014లో వచ్చిన ఇన్‌సైడర్ సంగీతాన్ని ముందు పెట్టుకుని నడిచింది. 2017లో పేటీఎం దాన్ని తీసుకుంది. 2024లో పేటీఎం తన వినోద టికెట్ల వ్యాపారాన్నంతా రూ.2,048 కోట్లకు జొమాటోకు అమ్మింది. ఇప్పుడది డిస్ట్రిక్ట్ అనే ఆప్. పుణె కంపెనీ టౌన్‌స్క్రిప్ట్‌లో 2017లో బుక్‌మైషో పెద్ద వాటా కొన్నది. హైదరాబాద్‌లో పుట్టిన మెరాఈవెంట్స్ సదస్సులు, పరుగు పందాలు, ఉత్సవాలు అన్నిటికీ టికెట్లు అమ్మింది గానీ సంగీతమే తన పనిగా పెట్టుకోలేదు.

సీటు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మన దగ్గర సినిమా హాళ్ల రూపంలో ముందుకొచ్చింది. హైదరాబాద్‌కు చెందిన విజయ్ గోపాల్ షోటైమ్ పేరుతో తక్కువ ఫీజుకు సినిమా టికెట్లు అమ్మే ప్రయత్నం చేశారు. హాళ్లతో బుక్‌మైషోకున్న ప్రత్యేక ఒప్పందాల వల్ల కొత్తవాళ్లకు దారి లేదంటూ కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. 2022 జూన్‌లో కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో దారి పట్టింది. సినిమా టికెట్లన్నీ రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ వ్యవస్థ ద్వారానే ఆన్‌లైన్‌లో అమ్మాలని నిబంధనలు తెచ్చింది. 2022 జూలైలో హైకోర్టు వాటిని నిలిపేసింది. ఒక గుత్తాధిపత్యాన్ని తీసేసి ప్రభుత్వ గుత్తాధిపత్యం పెట్టడం ఎలాగూ పరిష్కారం కాదని నా అభిప్రాయం. ఒకే హాలు టికెట్లను ఇద్దరు ముగ్గురు అమ్మే వీలుంటే ఫీజు దానంతటదే దిగుతుంది.

ఇక ఫీజు సంగతి. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ అనే మభ్యపెట్టే పద్ధతుల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ముందు తక్కువ ధర చూపి చివరి తెరమీద ఫీజులు కలపడం, అడగకుండా బుట్టలో ఏదో ఒకటి వేయడం వాటి ప్రకారం తప్పు. అమెరికాలో కూడా 2025 మే నుంచి టికెట్ల మొత్తం ధర మొదటే చూపించాలనే నియమం అమల్లోకి వచ్చింది. లండన్‌లో 2014లో మొదలైన డైస్ అనే టికెట్ ఆప్ ఈ పని చట్టం చెప్పకముందే చేసి శ్రోతల మనసు గెలుచుకుంది. మొదటి తెరమీద కనిపించిన అంకే చివరి తెరమీదా ఉండేది. కొత్తగా పెట్టేవారికి ఖర్చులేని ఆకర్షణ ఇది.

లెక్కలు వేసుకుని చూద్దాం

హైదరాబాద్‌లో 300 మంది పట్టే చోటు, టికెట్ రూ.499 అనుకుందాం. కచేరీ ప్రవేశ రుసుము రూ.500 వరకు జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. అందుకే చిన్న కార్యక్రమాల్లో ఈ 499 అంకె ఎక్కువగా కనిపిస్తుంది. 250 టికెట్లు అమ్ముడయ్యాయి. కంపెనీ ఫీజు 5 శాతం, అంటే టికెట్‌కు దాదాపు రూ.25. దాని మీద జీఎస్టీ విడిగా కట్టాలి. మొత్తం ఫీజు ఆదాయం రూ.6,250. టికెట్ల మొత్తం విలువ రూ.1,24,750 మీద పేమెంట్ గేట్‌వే మామూలుగా 2 శాతం తీసుకుంటుంది. అది రూ.2,495. మిగిలింది సుమారు రూ.3,750. నలుగురైదుగురి జీతాలకు, ఆఫీసుకు, సర్వర్లకు నెలకు రూ.3 లక్షలు కావాలంటే ఇలాంటి కార్యక్రమాలు నెలకు 80 జరగాలి. ఒక్క ఊళ్లో ఒక్క కంపెనీకి అన్ని దొరకడం కష్టం.

అంటే 5 శాతంతో ఇది నడవదు. ఆక్స్‌ఫర్డ్‌లోని వీగాట్‌టికెట్స్ రెండు దశాబ్దాలుగా 10 శాతం ఫీజుతో చిన్న కచేరీలకు టికెట్లు అమ్ముతోంది. కాగితం టికెట్ లేదు, ఆడంబరం లేదు. అభిమాని పక్షాన ఉండటమంటే ఫీజే లేకుండా అమ్మడం అని భ్రమపడకూడదు. మొదటే కనిపించే, కారణం చెప్పగలిగే ఫీజు తీసుకోవాలి. మా దగ్గర మొత్తం ధర ఇంత, అందులో కళాకారుడికి ఇంత, హాలుకు ఇంత, మాకు ఇంత అని టికెట్ మీదే రాసే కంపెనీ వస్తే జనం ఆ 10 శాతం మనస్ఫూర్తిగా ఇస్తారని నా నమ్మకం. యూపీఐ చెల్లింపుల మీద బ్యాంకులు వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదన్న నియమం 2020 నుంచి ఉంది. చెల్లింపుల్లో యూపీఐ వాటా పెరిగే కొద్దీ, గేట్‌వేతో బేరమాడి ఆ 2 శాతాన్ని కొంత దించుకోవచ్చు.

పన్నుల పని చిన్నదేం కాదు. జీఎస్టీ పడే టికెట్లను ఇతరుల తరఫున అమ్మే ఈ-కామర్స్ సంస్థ ఆ చట్టం కింద టీసీఎస్ (మూలం దగ్గరే వసూలు చేసే పన్ను) పట్టి కట్టాలి. 2024 జూలై నుంచి దాని రేటు అర శాతం. ఆదాయ పన్ను చట్టం కింద నిర్వాహకుడి చెల్లింపులో టీడీఎస్ కూడా కోయాలి. 2024 అక్టోబర్ నుంచి అది 0.1 శాతానికి తగ్గింది. మొత్తాలు చిన్నవే అయినా టీసీఎస్ రిటర్ను ప్రతి నెలా, టీడీఎస్ రిటర్ను మూడు నెలలకోసారి వేయాలి. మొదటి ఉద్యోగి ప్రోగ్రామర్ అయితే రెండో ఉద్యోగి లెక్కలు తెలిసినవాడై ఉండాలి.

తలుపు దగ్గర

టికెట్ కంపెనీకి పరీక్ష కచేరీ రోజు సాయంత్రం తలుపు దగ్గర మొదలవుతుంది. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్ కొన్నవాళ్లే లోపలికి వెళ్లలేకపోయారు. తొక్కిసలాటలో చిక్కుకుని చాలామంది వెనక్కి తిరిగారు. లోపలికి రాలేకపోయినవాళ్లు టికెట్ కాపీలు పంపమని రెహమాన్ స్వయంగా కోరవలసి వచ్చింది. స్థలం పట్టేదానికంటే ఎక్కువ మంది గేటు దగ్గరికి చేరితే ఏ ఆప్ కూడా కాపాడలేదు. ఎన్ని టికెట్లు అమ్ముతున్నారు, ఎన్ని పాసులు ఊరికే ఇస్తున్నారు, పోలీసు అనుమతి ఎంతమందికి అనే మూడు అంకెలు నిర్వాహకుడి నుంచి రాతపూర్వకంగా తీసుకోనిదే అమ్మకం మొదలుపెట్టకూడదు. మన దగ్గర పాసుల సంగతి అందరికీ తెలిసిందే. పోలీసులకు, స్పాన్సర్లకు, కార్పొరేటర్లకు, ఛానెళ్లకు ఇచ్చిన పాసులు లెక్కలో లేకపోతే 499 పెట్టి కొన్నవాడికి నిలబడే చోటు కూడా ఉండదు.

ఇక సాంకేతిక సంగతులు చూస్తే, రెండు మూడు వేల మంది గుమిగూడిన చోట ఫోన్ సిగ్నల్ పడిపోతుంది. కాబట్టి స్కానర్ నెట్ లేకుండా కూడా పనిచేయాలి. టికెట్ల జాబితా ముందే ఫోన్లో దించుకుని ఉండాలి. నాలుగు గేట్లుంటే ఒకే క్యూఆర్ కోడ్ రెండు గేట్లలో పనిచేయకుండా, లోపలికి వెళ్లినవాడి సమాచారం మిగతా స్కానర్లకు చేరే స్థానిక ఏర్పాటు ఉండాలి. ఒక గేటుకు ఒక స్కానర్ కేటాయించి, టికెట్ మీదే గేటు నెంబరు అచ్చు వేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఫోను చార్జింగు అయిపోయిన పెద్దవారి కోసం పేరు, ఫోన్ నెంబరు చివరి నాలుగు అంకెలతో అచ్చువేసిన జాబితా పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. రెండు గంటల ముందు వచ్చి చివరిదాకా ఉండే ఇలాంటి మనుషుల వల్లే చిన్న కంపెనీకి పేరొస్తుంది. పెద్ద కంపెనీలు 300 మంది కార్యక్రమానికి మనిషిని పంపవు.

బ్లాకు విషయంలో ఐర్లండ్ 2021లో నిర్దేశిత వేదికల టికెట్లను అసలు ధరకు మించి అమ్మడాన్ని చట్టంతో నిషేధించింది. బ్రిటన్ ప్రభుత్వం కూడా 2025 నవంబర్‌లో అలాంటి నిషేధం తెస్తామని ప్రకటించింది. చట్టం కోసం ఆగకుండానే కంపెనీ చేయగలిగిన పని ఒకటుంది. రాలేనివాడు టికెట్ వెనక్కి ఇస్తే, ఎదురుచూసేవాళ్ల జాబితాలో తర్వాతివాడికి అసలు ధరకే వెళ్లేలా ఏర్పాటు చేయడం. డైస్ ఈ పద్ధతిని బాగా నడిపింది. అందులో టికెట్ క్యూఆర్ కోడ్ కచేరీకి కొద్ది గంటల ముందే ఫోన్లో కనిపిస్తుంది కాబట్టి స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపుల్లో అమ్మడం కుదరదు. వెనక్కి ఇచ్చే దారి తెరిచి ఉంచినప్పుడే అమ్ముకోవద్దని చెప్పే హక్కు వస్తుంది. గిరాకీని చూసి అమ్మకం మధ్యలో ధర పెంచే పద్ధతికి మాత్రం దూరంగా ఉండాలి. 2024లో బ్రిటన్ బ్యాండ్ ఒయాసిస్ టికెట్లు 148 పౌండ్ల దగ్గర మొదలయ్యాయి; అవి అయిపోయాక వరుసలో ఎదురుచూసినవాళ్లకు 355 పౌండ్ల ధర కనిపించింది. తర్వాత బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థే దర్యాప్తు చేయవలసి వచ్చింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

తెలుగునాట సంగీతానికి ప్రత్యేకమైన పరిస్థితి ఒకటుంది. శ్రీరామనవమి పందిళ్ల కచేరీల నుంచి త్యాగరాజ ఆరాధనోత్సవాల దాకా మనం ఎక్కువగా ఊరికే విన్నాం. కళాకారుడికి ఇచ్చేది సభ నడిపేవారి చందాల్లోంచి వచ్చేది. టికెట్ కొని పాట వినే అలవాటు గత పదేళ్లలో బాగా పెరిగింది. కానీ అది ఎక్కువగా సినిమా పాటల పెద్ద కచేరీలకే. గచ్చిబౌలి స్టేడియంలో, రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగే వాటి టికెట్లు కొత్త కంపెనీకి రావు, రావాలని ఆశపడనూ కూడదు. అక్కడ నిర్వాహకుడికి ముందస్తు సొమ్ము కావాలి, అది ఇవ్వగలిగేది పెద్దవాళ్లే.

చౌరస్తా లాంటి తెలుగు బ్యాండ్‌లు, పబ్బుల్లో, కాఫీ షాపుల్లో వారాంతాల్లో పాడే కుర్రాళ్లు, హైదరాబాద్‌లోని లామకాన్ లాంటి చిన్న ప్రాంగణాలు, కర్ణాటక సంగీత సభలు, గజల్, ఖవాలీ రాత్రులు, విశాఖ, విజయవాడ, వరంగల్, తిరుపతిలోని కాలేజీ ఆడిటోరియాలు చాలావరకు ఎవరి ప్రత్యేక ఒప్పందంలోనూ లేవు. ఇవాళ వీళ్లు గూగుల్ ఫారం పెట్టి, క్యూఆర్‌కు డబ్బు పంపించి, స్క్రీన్‌షాట్లు పోల్చుకుంటూ తలుపు దగ్గర నిలబడుతున్నారు. వారికి కావలసింది టికెట్ అమ్మకంతో పాటు మరో సంగతి కూడా: పోయినసారి వచ్చినవాళ్లకు మళ్లీ కబురు పంపే వీలు. శ్రోత సమ్మతితో ఆ జాబితాను కళాకారుడికే అప్పగించే కంపెనీని ఎవరూ వదులుకోరు. పెద్ద సంస్థలు ఆ జాబితా తమ దగ్గరే ఉంచుకుంటాయి.

అమెరికాలో తెలుగువాళ్ల కార్యక్రమాలకు సులేఖ లాంటి సైట్లు చాలాకాలంగా టికెట్లు అమ్ముతున్నాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో స్కూలు ఆడిటోరియాలు అద్దెకు తీసుకుని సంఘాలు పెట్టే కచేరీలు టికెట్‌మాస్టర్ ఒప్పందాల బయట ఉంటాయి కాబట్టే అది కుదురుతోంది. సొంతంగా పెట్టాలనుకునే ప్రవాస తెలుగువారు కూడా చూడవలసింది ఆ వైపే.

కాబట్టి ఈ పనికి దిగాలనుకునేవారికి నా విన్నపం ఒకటే. సైటుకు పేరు వెతకక ముందు, పెట్టుబడి అడగక ముందు మీ ఊళ్లో ఏటా కనీసం ఇరవై కార్యక్రమాలు జరిగే మూడు చోట్ల యజమానుల దగ్గరికి వెళ్లండి. ఏడాదిపాటు మీ టికెట్లు మేం అమ్ముతాం, డబ్బు మీ ఖాతాకే పడుతుంది, తలుపు దగ్గర మా మనిషి ఉంటాడు అని చెప్పి సంతకం అడగండి. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితే కంపెనీ రిజిస్టర్ చేయండి. కళాకారులకు, సభల కార్యదర్శులకు కూడా ఒక మాట. రేపు ఏ పెద్ద సంస్థ ఎంత అడ్వాన్సు ఇచ్చినా, మీ సీట్లలో పదో వంతు మీ ఇష్టమైన చోట అమ్ముకునే హక్కు ఒప్పందంలో రాయించుకోండి.